కుడివైపు గళ్ళు

లేత రంగు గళ్ళ బట్ట తెచ్చి జాకెట్టు కుట్టమంటే మా ఏరాలు దెబోరా ముందు ఆ తెచ్చిన మనిషిని ఎగాదిగా చూస్తుంది. మా నస్పూర్‌లో తోటికోడలిని ఏరాలు అంటాం. పువ్వుల బట్టయితే ఎక్కడ ఏ లోపం ఉన్నా పువ్వు కప్పేస్తుంది. గళ్ళ బట్టకు ఆ దయ లేదు. భుజం దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చిందంటే చంక దగ్గరికి వచ్చేసరికి గళ్ళ వరస మొత్తం వాలిపోతుంది, గల్లీ చివర నిలబడ్డవాళ్ళకు కూడా కనబడుతుంది. అందుకే గళ్ళ బట్ట కత్తిరించే రోజు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. మిగతా రోజుల్లో గలగలా మాట్లాడుతుందని కాదు. నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు పట్టుకునే ఉంటుంది. వాటితో పని ఉండి కాదు, అవి ఉంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని. ఆ సంగతి నాకు పెళ్ళయిన కొత్తల్లోనే అర్థమైంది.

దెబోరాది ఖానాపూర్. చిన్నతనంలోనే తల్లి పోతే మిషన్ హాస్టల్లో పెరిగి, అక్కడి మేట్రన్ దగ్గర కుట్టు నేర్చుకుంది. ఆమె భర్త ఏలియా, మా ఆయన దేవదాస్ అన్నదమ్ములు, ఇద్దరిదీ బొగ్గుబాయిలో, గనిలోనే పని. ఇంటి ముందుగదే మా దుకాణం. ఆమె కుడుతుంది, నేను హుక్కులు, కాజాలు, అంచులు చూసుకుంటాను. నేను సిరిసిల్ల నేతగాళ్ళ ఇంటి పిల్లని, పేరు మమతారాణి. మనసుపడి ఈ ఇంటికి వచ్చాను. నుదుట బొట్టూ ఉంది, ఆదివారం చర్చికీ పోతాను. చూసి ఇబ్బంది పడేవాళ్ళుంటే పడనీ.

కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆడదానికి ఊరి ఆడవాళ్ళ ఒళ్ళన్నీ తెలుస్తాయి. ఎవరు నెల తప్పారో, ఎవరు దిగులుతో చిక్కిపోతున్నారో ఇంట్లోవాళ్ళకంటే ముందు ఆమెకే తెలుస్తుంది. ఒకరి సంగతి ఇంకొకరికి దాటించిన పాపాన దెబోరా ఎన్నడూ పోలేదు. నాక్కూడా చెప్పదు. అడిగి అడిగి నేనే విసిగిపోయాను.

పోయిన చలికాలం చివర్లో స్త్రీల ఆదివారం వచ్చింది. ఏడాదికొకసారి ఆ రోజున పాస్టరు అయ్యగారు కింద అందరితో పాటు కూర్చుంటారు, ఆరాధన మొత్తం ఆడవాళ్ళే జరుపుతారు, కొయిర్‌లోనూ ఆడవాళ్ళే. దీనికంతటికీ పెత్తనం స్త్రీల సమాజం అధ్యక్షురాలు కమలవ్వది. కమలవ్వ ఒక మాట అన్నదంటే అది వాట్సాప్ గ్రూపులో అందరి ఫోన్లలోనూ మోగవలసిందే. మా అన్న హరీష్ తన పవర్‌లూమ్ మీద నేసిన గళ్ళ బట్ట తాను ఒకటి నాకోసం పంపితే, ఆమె కన్ను దానిమీద పడింది. లేత గులాబీ, తెలుపు గళ్ళు.

"గిదే మంచిగున్నది. అందరికి తెల్ల చీర, గీ గళ్ళ జాకెట్. కొంగు మడతలు పెట్టి పిన్ను కొట్టుకోవాలె, జాకెట్ కనవడాలె. ఒక్కతీరుగ ఉండకపోతె నేనూకోను" అన్నది. దెబోరా సూదుల మధ్యనుంచే నిట్టూర్చింది.

మా దగ్గర టేపుతో కొలతలిచ్చేవాళ్ళు తక్కువ. ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు ఒకటి తెచ్చి ఇస్తారు. దాన్ని ఆది అంటారు. ఆది చేతికొస్తే మనిషి రానక్కర్లేదు. కమలవ్వ ఇల్లిల్లూ తిరిగి కొయిర్ ఆడవాళ్ళందరి ఆదులూ ఒక సంచిలో వేసుకొచ్చి మా బల్ల మీద కుమ్మరించింది. అందులో షారోన్‌ది కూడా ఉంది.

షారోన్ గురించి చెప్పాలి. బొగ్గుబాయి పనివాడు ఎబినేజర్ భార్య. మా చర్చిలో పాటంటే ఆమెదే. మిగతావాళ్ళం గొంతు కలుపుతాం, అంతే. వానాకాలంలో హైదరాబాద్ పోయి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది, గర్భసంచి తీసేశారని చెప్పారు. అప్పటినుంచి కొయిర్ మానేసింది. చర్చికి వచ్చినా వెనక బెంచీలో కూర్చుని, చివరి ప్రార్థన కాకముందే వెళ్ళిపోయేది. గొప్ప పెరిగిందని కొందరు, గొంతు పోయిందని కొందరు అన్నారు. చివరికి అయ్యగారే వాళ్ళింటికి పోయి అడిగితే, స్త్రీల ఆదివారం నాడు ఒక్క పాట పాడతానని ఒప్పుకుంది.

దెబోరా అందరి జాకెట్లూ ఆది ప్రకారం కుట్టేసింది. ఒక్కొక్కరూ వచ్చి, వేసుకుని చూసుకుని, సంతోషంగా తీసుకుపోయారు. షారోన్ అందరికంటే ఆఖరున, మధ్యాహ్నం గల్లీలో ఎవరూ లేని వేళ వచ్చింది. పరదా వెనక్కి పోయి ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"అక్కా, జర లోపలికి రా" అని మెల్లగా పిలిచింది.

దెబోరా లోపలికి పోయింది. నేను పరదా ఇవతల అంచు కుడుతున్నాను.  దెబోరా నోట్లోని సూదులు డబ్బా మూతలో ఒక్కొక్కటే పడ్డ చప్పుడు వినిపించింది. ఆమె పనివేళ సూదులు తీసిందంటే ఏదో మునిగిందన్నమాటే.

"గా ఆది ఆపరేషన్‌కు ముందటిదక్కా" అంటోంది షారోన్. "వేరేది ఇస్తే కమలవ్వ ఎందుకని అడుగుతదని గదే ఇచ్చిన. గర్భసంచి గాదు. రొమ్ముల గడ్డ అయింది. కుడిది తీసేసిండ్రు."

నా చేతిలో సూది ఆగిపోయింది.

"ఇప్పుడెట్లున్నది?" అంది దెబోరా.

"తొందరగ దొరికింది గదా, గోలీలతోని సరిపోతది అన్నరు. ఒంట్ల మంచిగనే ఉన్నది."

"ఎవలెవలకు తెలుసు?"

"ఆయనకు, నాకు. గిప్పుడు నీకు."

"మమత బయటనే ఉన్నది" అంది దెబోరా. అబద్ధం ఆడటం చేతకాని మనిషితో ఇదే తంటా.

పరదా పక్కనుంచి షారోన్ మొహం బయటికొచ్చింది. "నేనేం విన్లే అక్కా" అన్నాను. "విన్నవు. ఇగ నోరు మూస్కో" అంది. ఆ మాటతో నన్ను కూడా లోపలికి రానిచ్చింది.

చూశాను. ఎడమవైపు గళ్ళు గీత గీసినట్టున్నాయి. కుడివైపు బట్ట లోపలికి కుంగి, వరసలన్నీ చంకవైపు జారిపోయాయి. ఎడమదే అయితే చీర కొంగు దాచేసేది, ఈ బాధే లేకపోయేది. పోయింది కుడిది. కొంగుకు మడతలు పెట్టి పిన్ను కొడితే అందరికీ కనబడేది ఆ పక్కే. మామూలు బట్టయితే ఏదో ఒకటి లోపల కుక్కి సరిపెట్టొచ్చు. ఇన్ని రకాల బట్టలుండగా నా పుట్టింటి మగ్గం మీది గళ్ళే దొరికాయా ఈమెకు అని కమలవ్వను మనసులోనే తిట్టుకున్నాను.

"తెలిస్తె ఇగ నేను పాడ. గీ ఒక్కపారి గాదు, ఎప్పటికి పాడ" అంది షారోన్. "మా గల్లీల పోశవ్వకు గీ రోగమే వస్తె ఏం జేసిండ్రో చూసిండ్రు గదా. ఆమె ఇంట్ల చాయ్ గూడ తాగలే. ఎదురువడ్డోళ్ళు ముందుగాల ఆమె ఛాతీ చూసి, తర్వాత ముఖం చూసెటోళ్ళు. నేను పాడుతుంటె నా పాట వినాలె అక్కా. ఇంకోటి చూడొద్దు."

దెబోరా జాకెట్టు విప్పించి, కుట్లన్నీ ఊడదీయడం మొదలుపెట్టింది.

ఆదివారం దగ్గరకొచ్చేసింది. మొదట బట్ట మడిచి లోపల పెట్టింది. నిలబడితే బాగానే ఉంది, చెయ్యెత్తితే గళ్ళు పైకి ఎగబాకాయి. తర్వాత దూది నింపి చూసింది. దూదికి బరువు లేదు. షారోన్ పాటకోసం ఊపిరి నిండా పీల్చగానే ఎడమవైపు వరస ఒక దగ్గర, కుడివైపు వరస దానికి పైన. దెబోరా ఊడదీయడం, మళ్ళీ కుట్టడం, షారోన్ అద్దంలో చూసుకుని తల దించుకోవడం. ఇద్దరి మధ్యా నా ప్రాణం పోయేట్టుంది. "అక్కా, ఇడిసిపెట్టు. నాకు జరమొచ్చిందని చెప్త" అంది షారోన్ ఒక దశలో. దెబోరా ఆమె వంక చూడను కూడా చూడలేదు.

మా చర్చిలో ఎవరికి బిడ్డ పుట్టినా దెబోరా మిగిలిన ముక్కలతో ఒక ఆవాల దిండు కుట్టి ఇస్తుంది. పసిపిల్లల తల గుండ్రంగా రావాలని ఆవాలు నింపిన దిండు పెట్టడం మనందరి ఇళ్ళలో ఉన్నదే. ఆ సాయంత్రం ఆమె వంటింట్లోకి పోయి ఆవాల డబ్బాతో వచ్చింది. గళ్ళ బట్ట ముక్కతోనే గుండ్రటి సంచి కుట్టి, లోపల ఆవాలు, చుట్టూ దూది పరిచింది. అరచేతిలో పెట్టుకుని చూసింది, కొన్ని తీసింది, మళ్ళీ కొన్ని పోసింది. జాకెట్టు లోపల దానికోసం ఒక జేబు కుట్టింది. ఇదీ కుదరకపోతే ఉండనీ అని నా చేత పాటల పుస్తకాలకు అదే బట్టతో గలేబులు కుట్టించింది. పెద్ద పుస్తకం కుడివైపు పట్టుకుని పాడితే కొంతైనా మరుగవుతుందని ఆమె ఆలోచన.

మరునాడు షారోన్ వచ్చి పరదా వెనక జాకెట్టు వేసుకుంటోంది. దిండు నా చేతిలోనే ఉంది, చివరి పక్క మూయాలి. అప్పుడు కమలవ్వ వచ్చింది. పిలవడం, తలుపు తట్టడం ఆమె పద్ధతి కాదు.

"షారోన్ చెప్పులు గావా గవి" అంటూనే లోపలికొచ్చి కూర్చుంది. బల్లమీది గలేబులు చూసింది. "గివేంది?"

"పాటల పుస్తకాలకు పెద్దమ్మా" అన్నాను.

"పుస్తకాలు పట్టేది లేదు. చూడకుండ పాడాలె. గిన్ని రోజులు ప్రాక్టీసు ఎందుకు జేసినం" అని గలేబులు పక్కకు తోసేసింది. మా రెండో దారి అలా మూసుకుపోయింది. తర్వాత ఆమె కన్ను నా చేతిమీద పడింది. "గదేంది?"

"ఆవాల దిండు. పసిపిల్లకు."

"ఎవలకు పుట్టింది?"

"మా అన్నకు" అన్నాను. మా అన్న హరీష్‌కు ఇంకా పెళ్ళే కాలేదు.

కమలవ్వ ఆ దిండు నా చేతిలోంచి తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో నడుమ నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. పరదా వెనక ఊపిరి చప్పుడు కూడా లేదు. దెబోరా కత్తెర పట్టుకుని కదలకుండా నిలబడింది. నా గుండె మాత్రం పవర్‌లూమ్ లాగా ఒకటే మోత.

"గిట్ల ఉబ్బెత్తుగుంటె పిల్ల తల ఆగుతదా?" అంది కమలవ్వ.

 ఆమె దిండును జాగ్రత్తగా బల్లమీద పెట్టి, పరదావైపు తిరిగింది. "షారోన్, జాకెట్ పట్టిందా?"

"పట్టింది పెద్దమ్మా."

"బయటికి రా, చూస్త."

అప్పుడు దెబోరా నోట్లోంచి సూదులు తీసింది. "అతుకులేసి ఉన్నది పెద్దమ్మా. కదిలితె ఊడుతది. ఆదివారం చూద్దువు" అంది. అంత గట్టిగా ఆమె ఎవరికీ ఎదురు చెప్పగా నేను చూడలేదు. కమలవ్వ లేచింది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి దిండువంకా, పరదావంకా చూసి వెళ్ళింది.

షారోన్ బయటికొచ్చి నేలమీద కూలబడింది. "ఆమెకు తెలిసింది" అంది. "తెల్వలే" అన్నాను నేను. మా ఇద్దరిలో ఎవరికీ ఆ మాట మీద నమ్మకం లేదు. "గా ముసల్దాని కన్ను చూడు, ఎప్పుడు మనిషి ఒంటి మీదనే. ఏం దొరుకుతదా అని ఎదురుచూస్తది" అని కసిదీరా తిట్టాను. దెబోరా మాత్రం దిండు చివరి పక్క మూసి, జేబులో పెట్టి, షారోన్‌ను నిలబెట్టి చెయ్యెత్తమంది. ఊపిరి పీల్చమంది. గళ్ళు కదలలేదు. రెండు పక్కలా వరస ఒక్కటిగా నిలిచింది. షారోన్ అద్దం ముందు నిలబడి ఏడ్చింది, నాకూ ఏడుపొచ్చింది. దెబోరా ఇస్త్రీ పెట్టె వేడి పెట్టుకుంది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పక్కగదిలో కమలవ్వ కొయిర్ ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి కొంగులకు పిన్నులు కొడుతోంది. షారోన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి భుజం మీద పిన్ను దగ్గర ఆగింది. చూపు కుడివైపు గళ్ళ మీదికి జారింది. నేను గట్టిగా దగ్గాను. కమలవ్వ మాట్లాడకుండా పిన్ను కొట్టి, తర్వాతి మనిషి దగ్గరికి పోయింది.

షారోన్ పాడింది. మొదటి చరణంలో గొంతు వణికింది. పల్లవి తిరిగి అందుకునేసరికి పాత షారోన్ వచ్చేసింది. వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోయాయి, పిల్లలు కూడా ఊరుకున్నారు. పై స్థాయికి పోయేముందు ఆమె గుండెల నిండా ఊపిరి తీసుకుంది. నేనూ దెబోరా ఆ గళ్ళనే చూస్తున్నాం. వరస చెదరలేదు. నేను ఊపిరి వదిలి పక్కకు చూస్తే, అధ్యక్షురాలి కుర్చీలోంచి కమలవ్వ కూడా అక్కడే చూస్తోంది, షారోన్ కుడివైపు, రెప్ప వేయకుండా. పాట అయ్యేదాకా ఆ చూపు తిప్పలేదు. లేచి వెళ్ళి ఆమె మొహం పక్కకు తిప్పెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

భోజనాల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. అందరూ పాట గురించే మాట్లాడారు. షారోన్ రెండోసారి అన్నం పెట్టించుకుని తింది, నవ్వింది. గండం గడిచిందనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే కమలవ్వ మా దుకాణానికి వచ్చింది. చేతిలో తన గళ్ళ జాకెట్టు. "బిగువయింది, జర వదులు జేయాలె" అని పరదా వెనక్కి పోయి, "దెబోరా, నువ్వు రా. మమతా, నువ్వు గూడ రా. నీకెట్లయినా తెల్వక మానదు" అంది. లోపలికి పోతే ఆమె జాకెట్టు హుక్కులు తీసి, దెబోరా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము కింద పెట్టుకుంది.

"తగులుతుందా?"

దెబోరా తలూపింది.

"దసరా ముందటి సంది ఉన్నది. పెరుగుతున్నది. కొడుకుకు చెప్పలే, కోడలికి చెప్పలే" అంది కమలవ్వ. గ్రూపులో గదమాయించే గొంతు కాదది. "గీ గడ్డ దొరికిన కాన్నుంచి ఆడోళ్ళ ముఖాలు చూసుడు మరిచిపోయిన. ఎవల్ని చూసినా ఛాతీ దిక్కే పోతుంది కన్ను. నాకొక్కదానికే వచ్చిందా, ఇంకెవలకన్న ఉన్నదా అని. గా దిండు చేతుల పట్టంగనే నాకు సమజైంది, అది పిల్లల దిండు గాదని."



"గా మనిషి ఎవలో నాకు ఎరుకే" అంది. "నేను పోయి అడుగుతె గా పిల్ల మళ్ళ చర్చి మొఖం చూడది. గందుకే అడుగుత లేను. కని దవాఖానకు పోవాలంటె భయమైతుంది దెబోరా. తీసేసినంక మనిషి ఎట్లుంటది, బతుకు ఎట్లుంటది, ఒక్కపారి కండ్లతోని చూస్తె పోత. చూడంది పోలేను."

"నువ్వు ఎవల సంగతి చెప్తున్నవో నాకు తెల్వది పెద్దమ్మా" అంది దెబోరా. అంటూనే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. అబద్ధం ఆడటం రాని మనిషి ఆడిన అబద్ధం అది. కమలవ్వ మళ్ళీ అడగలేదు. హుక్కులు పెట్టుకుని, వదులు చేయాల్సిన జాకెట్టు మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా మిషన్ తిరగలేదు. సాయంత్రం దెబోరా చెప్పులేసుకుంటే నేనూ వెంట పోయాను. షారోన్ ఇంటి ముందు తులసి రంగు చీరలో కూర్చుని ఏదో పాట కూనిరాగం తీస్తోంది. చాలా నెలల తర్వాత ఆ ఇంట్లో పాట. మమ్మల్ని చూసి నవ్వింది. ఎన్నడూ ఎవరి సంగతీ దాటించని దెబోరా ఆ రోజు కమలవ్వ సంగతి చెప్పింది. విన్నంతసేపూ ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"ఆమెకు నా సంగతి చెప్పినవా?" అంది.

"చెప్పలే. చెప్ప గూడ. నువ్వు వద్దంటె గీ మాట ఈడనే ఆగుతది."

"ఆగితె ఆమె సచ్చిపోతది. గదేనా నువ్వు చెప్పేది?"

"గట్ల నేను అనలే."

"అనకుండనే అంటవ్ నువ్వు" అని షారోన్ లోపలికి పోయి తలుపేసుకుంది. మేం కాసేపు నిలబడి వచ్చేశాం.  ఒక మనిషి పాటను మళ్ళీ తానే లాగేసుకుందేమో అని దెబోరా బాధ. నాకు చెప్పలేదు, అయినా తెలుస్తూనే ఉంది.

మరునాడు దెబోరా కమలవ్వ జాకెట్టు కుట్లు వదులు చేసి కబురు పంపింది. కమలవ్వ వచ్చి, తీసుకుని, లేవబోతోంది. గుమ్మంలో షారోన్ నిలబడి ఉంది. నడిచొచ్చినందుకో, మరెందుకో గాని ఆయాసపడుతోంది. నన్ను చూసి, "తలుపు పెట్టు" అంది. పెట్టాను.

"పెద్దమ్మా, లోపలికి రా" అని పరదా తీసింది. ఇద్దరూ లోపలికి పోయారు. నేను గాని దెబోరా గాని కదల్లేదు. లోపల హుక్కులు ఒక్కొక్కటే ఊడిన చప్పుడు.

"చూడు" అంది షారోన్. "గింతే. ముట్టుకో, ఏం గాదు."

 తర్వాత కమలవ్వ గొంతు, "నొస్తదా బిడ్డా?"

"మొదట్ల నొచ్చింది. ఇప్పుడు నొయ్యది."

కమలవ్వ ఏడుస్తోంది. ఊళ్ళో ఆమె ఏడుపు విన్నవాళ్ళం మేమే అయ్యుంటాం. షారోన్ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత పరదా తీసుకుని బయటికి వస్తూ, కొంగు సర్దుకుంటూ అంది.

"రేపు పొద్దుగాల హైదరాబాద్ బస్సుకు నేనొస్త నీతోని. నాకు ఆపరేషన్ జేసిన డాక్టరమ్మ ఎరుకే. ఇంట్ల నీ కొడుకు ఏమన్న అంటె, ఎవలకు మంచిగయింది అని అడుగుతె, నా పేరు చెప్పు."